తర్లుపాడులో ఎక్కే చుట్టాలు

మాలకొండయ్య రైలెక్కితే ఒంటి మీద పంచె ఒక్కటే మిగిలేది. రద్దీ ఎక్కువైన రోజున దానికీ నమ్మకం లేదు. గిద్దలూరు స్టేషనులో బండి పూర్తిగా ఆగకముందే ఆయన తలపాగా కిటికీలోంచి లోపలికి ఎగిరి పడేది. దాని వెనక పైగుడ్డ, దాని వెనక చొక్కా. ఆఖరున తలుపులోంచి మనిషి ఎక్కేవాడు. చెప్పులు బల్లకు ఈ కొసన, చేతికర్ర ఆ కొసన పెట్టి, కుంకుడుకాయల మూట నడుమ దించి, అన్నిటికీ కాపలాగా కూర్చునేవాడు. మనిషి ఒక్కడే, టిక్కెట్టు ఒక్కటే. ఆపిన చోటు మాత్రం పెళ్ళివారికి సరిపోయేది.

రైల్లో గుడ్డ వేసి చోటు ఆపుకోవటం అందరూ చేసే పనే. గుడ్డ పడ్డ చోట మనిషి కూర్చున్నట్టే లెక్క. దాన్ని జరిపినవాడితో పోట్లాడవచ్చు కాని, వేసినవాడిని ఎవరూ ఏమీ అనరు. అయితే తక్కినవాళ్ళు తమకు వేసుకునేవారు, పెళ్ళాం బిడ్డలకు వేసేవారు. మాలకొండయ్య తర్లుపాడులో ఎక్కబోయే చుట్టాలకు వేసేవాడు. ఆ చుట్టాలను చూసినవాళ్ళు ఎవరూ లేరు.

అవి మద్రాసు గవర్నరు ఏలుబడి రోజులు. ఈ తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. గుంటూరు పోయే ప్యాసింజరు చిన్న పట్టాల మీద, నల్లమలను ఎడమచేతి వైపు పెట్టుకొని, తొందర లేకుండా నడిచేది. దిగువమెట్ట దగ్గర కొండ దిగివచ్చిన అలసట దానికి కంభం దాటినా తీరేది కాదు. పట్టాల మీద గొర్రెలమంద కనబడితే డ్రైవరు కూత వేసి, ఆపి, కాపరి ఏ ఊరివాడో ఎవరి కొడుకో కనుక్కొని మరీ కదిలేవాడు. ఆ బండి పోయింది, ఆ పట్టాలూ పోయాయి. అందులో తిరిగిన ముసలివాళ్ళు మాత్రం ఇప్పటి బండ్లలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరని నిష్ఠూరమాడుతుంటారు. అప్పుడు ఏం మాట్లాడుకునేవారో చెప్పమంటే, గుర్తొచ్చేవాటిలో సగం పోట్లాటలే.

మాలకొండయ్యది గిద్దలూరు పక్క పల్లె. కాపుల ఇంటి మనిషి. వానొస్తే జొన్న పండే మెట్ట చేను ఉంది. వాన రాని ఏడు అడవి అంచున దొరికే కుంకుడుకాయలు, చింతపండు కొని మూటకట్టి, వారం వారం మార్కాపురం సంతకు తీసుకుపోయేవాడు. వాన చాలా ఏళ్ళు రాలేదు కాబట్టి అదే వృత్తి అయింది. భార్య చనిపోయింది. పిల్లలు లేరు. అన్నదమ్ములున్నారు కాని గట్టు తగాదాలో మాటలు పోయాయి. ఉన్న చుట్టాలతో ఆయనకు పలకరింపులు లేవు. లేని చుట్టాలతోనే సఖ్యం.

కంభంలో ఇంజను నీళ్ళు పట్టుకునే లోపల జనం విరుచుకుపడేవారు. మాలకొండయ్యకు అసలు యుద్ధం అక్కడ. ఆ బండిలో శనక్కాయలు అమ్ముకునే ఖుద్దూసు ఆ యుద్ధాన్ని వారం తప్పకుండా చూసేవాడు, చూసినదాన్ని ఊరూరా చెప్పేవాడు.

"ఎవరిది పెద్దాయనా ఈ చొక్కా?"

"మా వియ్యంకుడిది. తర్లుపాడులో ఎక్కుతాడు."

"వియ్యంకుడి చొక్కా నీ దగ్గరెందుకుంది?"

"ఆయన నాకు పెట్టిందే. పెట్టినోడికి దాని మీద కూర్చునే హక్కు లేదా?"

"నీకు పిల్లలే లేరంటారే. వియ్యంకుడు యాడి నుంచి వచ్చినాడు?"

"తర్లుపాడు నుంచి. ఎక్కినాక ఆయన్నే అడుగు."

తలపాగా తోడల్లుడిది. పైగుడ్డ మేనత్తది. ఆమెకు కాళ్ళు లేవని ఒక వారం చెప్పి, మరుసటి వారం ఆమె నడిచి వస్తున్నదని చెప్పాడు. అడిగినవాడు అదేందన్నాడు. మందు పడిందన్నాడు మాలకొండయ్య. ఆయన ముఖంలో నవ్వు ఉండేది కాదు. అందుకే జనం మొదట నమ్మేవారు, తర్వాత నవ్వేవారు, ఆఖరుకు మండిపడేవారు.

తర్లుపాడులో ఎక్కేది మగ్దలీనమ్మ.

ఆమెది ఊరి బయట మాదిగపల్లె. వినుకొండ వైపు ఉన్న మిషను ఆసుపత్రిలో దొరసాని దగ్గర కాన్పులు చెయ్యటం నేర్చుకుంది. చుట్టుపక్కల పల్లెల్లో ఏ చూలాలికైనా కాన్పు కష్టమవుతుందని ఆమె చేతికి తోస్తే, నొప్పులు రాకముందే ఆ మనిషిని రైలెక్కించి ఆసుపత్రికి చేర్చేది. టిక్కెట్టు మీద కులం రాసి ఉండదు. టిక్కెట్లిచ్చే గుమాస్తా కూడా ఏమీ అడిగేవాడు కాదు. అడిగేది పెట్టె లోపలి జనం. అడగను కూడా అడగరు, చూస్తారు. ఆ చూపుతోనే బల్ల కొస మీద ఆనుకున్న మనిషి లేచి నిలబడేది. నెలలు నిండిన ఆడవాళ్ళు తలుపు కమ్మీ పట్టుకొని, బండి ఊగినప్పుడల్లా కడుపు పట్టుకొని ప్రయాణం చేశారు. మగ్దలీనమ్మ వాళ్ళ వెనక నిలబడి నడుముకు చెయ్యి అడ్డం పెట్టేది. అంతకుమించి ఆమె చెయ్యగలిగింది లేదు.

అలాంటి పెట్టెలో మాలకొండయ్య బల్ల ఆమె కంటపడింది.

బండి తర్లుపాడులో ఆగగానే ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి చుట్టాలను పేర్లు పెట్టి పిలిచేవాడు. ఎవరూ పలికేవారు కాదు. అప్పుడు లేచి బల్లకు వీపు పెట్టి, దారికి అడ్డంగా నిలబడి, రాని చుట్టాలను తిడుతూ బట్టలు వేసుకోవటం మొదలుపెట్టేవాడు. చొక్కా చేతుల్లోకి చేతులు ఒక పట్టాన దూరేవి కావు. తర్వాత తలపాగా. అది రెండు చీరలంత పొడుగు. ఒక కొస ఖుద్దూసు చేతికిచ్చి లాగిపట్టుకోమనేవాడు. చుట్టటం సగంలో ఉండగా కుదరలేదని విప్పేవాడు. ఆయన మోచేతులను దాటి బల్ల దగ్గరకు పోవటం ఎవరివల్లా అయ్యేది కాదు. అవతలి వైపు, తలుపు పక్కన నిలబడ్డ మగ్దలీనమ్మకు మాత్రం బల్ల చెయ్యి చాపితే అందేది.

మొదటిసారి భయపడుతూనే చేసింది. చూలాలిని ఆ బల్ల మీదకు నెట్టి, తాను కింద చతికిలబడింది. తలపాగా ముగించి వెనక్కు తిరిగిన మాలకొండయ్య అరిచిన అరుపుకు అటు చివరివాళ్ళు కూడా లేచి చూశారు. కళ్ళు కనబడటం లేదా అన్నాడు. గిద్దలూరు నుంచి కాపాడుకున్న బల్ల మైల చేశారన్నాడు. దాని మీద ఇక తాను కూర్చోనన్నాడు. అని, విసవిసా పోయి తలుపు దగ్గర నిలబడ్డాడు. కంభం నుంచి ఆయనతో పోట్లాడి ఓడిపోయినవాళ్ళకు ఆ దృశ్యం కన్నులపండుగైంది. బాగా అయింది ముసలోడికి అనుకున్నారు. ఆ సంతోషంలో బల్ల మీది మనిషిని లేపాలన్న సంగతే ఎవరికీ తట్టలేదు.

అక్కడి నుంచి మగ్దలీనమ్మ అదే పని చేసింది. వారం వారం ఆయన ఆపేవాడు, వారం వారం ఆమె కాజేసేది. ఇంత మతిలేని మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు. పల్లెకు వచ్చి, తలపాగా చుట్టుకోవటం, వెనక్కు తిరిగి గుడ్లు తేలెయ్యటం చేసి చూపిస్తే ఆడవాళ్ళు పొట్టలు పట్టుకొని నవ్వేవారు. తిట్లు మాత్రం చేసి చూపించేది కాదు. అవి ఆమె కడుపులోనే ఉండేవి. ఆయన అందరికంటే పెద్ద గొంతుతో తిట్టేవాడు. అందుకే అందరికంటే ఎక్కువగా ఆయన మీదే ఆమెకు కసి.

మార్కాపురం చెన్నకేశవస్వామి తిరునాళ్ళ రోజున ఆమె కూతురు మార్తమ్మ కాన్పు అడ్డం తిరిగింది.

తొలి కాన్పు. ఇంకా వారం గడువు ఉందనుకుంది మగ్దలీనమ్మ. ఎందరి కడుపు మీదో చెయ్యి వేసి చెప్పగలిగిన మనిషి సొంత బిడ్డ దగ్గర లెక్క తప్పింది. బిడ్డ తల ఉండాల్సిన చోట లేదు. ఇక ఇక్కడ తనవల్ల కాదని తెలిసింది. అల్లుడు విశ్వాసం, వాడి అన్న చిన్నయ్య కలిసి మార్తమ్మను నులకమంచం మీద స్టేషనుకు మోసుకొచ్చారు. మంచం రైలు తలుపులో పట్టదు. నిలబడితే ఆ పిల్ల ఆసుపత్రి చేరదు. తిరునాళ్ళకు పోయే జనం బండి పైకప్పు మీద కూడా ఉంటారు. ఆ రోజు మగ్దలీనమ్మ ప్రభువును కూడా పెద్దగా ఏమీ అడగలేదు. ఆ మతిలేని మనిషి బండిలో ఉండాలని అడిగింది.

ఉన్నాడు. కాని అంతకుముందే కంభంలో ఒక పందెం జరిగిపోయింది. అది ఆమెకు తర్వాత ఖుద్దూసు చెప్పాడు.

కంభంలో బట్టల దుకాణం వెంకటసుబ్బయ్య ఇంటిల్లిపాదితో తిరునాళ్ళకు బయలుదేరాడు. వెంట తల్లి ఉంది, కాళ్ళ నొప్పుల మనిషి. మాలకొండయ్య ఎంతో సేపు గొణిగి, చెప్పులు తీసి ఆమెకు ఒక మూల ఇచ్చాడు. తక్కిన బల్ల ఇవ్వనన్నాడు. మేనత్త వస్తున్నదన్నాడు. వెంకటసుబ్బయ్య ఆ మేనత్త కథ చాలాసార్లు విన్నవాడు. ఊపిరాడని పెట్టెలో అందరూ వినేటట్టు ఒక మాట అన్నాడు. తర్లుపాడులో చుట్టాలు ఎక్కితే తామందరూ మార్కాపురం దాకా నిలబడతారు. ఎక్కకపోతే మాలకొండయ్య తన గుడ్డలు తాను ఏరుకొని తలుపు దగ్గరకు పోవాలి, ఇక ఎన్నడూ గుడ్డ వెయ్యకూడదు. జనం సరేనన్నారు. సరేననక మాలకొండయ్యకు దారి లేకపోయింది. ముసలామెకు పోను మిగిలిన చోటు ఎక్కడ జారిపోతుందోనని ఆయన పంచె కూడా విప్పి పరిచాడు. గోచీతో నిలబడ్డాడు. అంతమంది నవ్వారు కాని ఆ రోజు ఆయన ముఖం పాలిపోయి ఉందని ఖుద్దూసు అన్నాడు.

బండి తర్లుపాడులో ఆగింది. అందరి తలలూ కిటికీల వైపు తిరిగాయి. మగ్దలీనమ్మ మార్తమ్మ భుజాలు పట్టుకొని వెనక్కు నడుస్తూ ఎక్కింది. విశ్వాసం కాళ్ళ వైపు పట్టుకున్నాడు. తలుపు దగ్గరివాళ్ళు తగలకుండా ఒదిగారు కాబట్టి దారి దొరికింది. మార్తమ్మ మూలుగు పెట్టె అంతా వినబడింది.

మాలకొండయ్య అలవాటు ప్రకారం చొక్కా అందుకొని బల్లకు వీపు పెట్టాడు. వెంకటసుబ్బయ్య ఆ చొక్కా కొస పట్టుకున్నాడు.

"ఈ రోజు ఆ సంబరం వద్దు. నీ చుట్టాలేరి?"

మాలకొండయ్య కిటికీ వైపు చూడలేదు. ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు.

"అయ్యా, బిడ్డ అడ్డం తిరిగింది," అంది మగ్దలీనమ్మ. ఎవరితో అంటున్నదో ఆమెకే తెలియదు. "కాస్త పండుకోబెట్టనీండి."

ఎవరూ కదలలేదు. వెంకటసుబ్బయ్య పంచెను ఒక పక్కకు నెట్టి కూర్చోబోయాడు.

"ఎక్కినారు," అన్నాడు మాలకొండయ్య.

"ఎవరు?"

"మావాళ్ళు. తర్లుపాడులో ఎక్కుతారని చెప్పినా గదా."

"వీళ్ళా? వీళ్ళు నీకేమవుతారు మాలకొండయ్యా?"

ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్నకు ఆయన దగ్గర ఎప్పుడూ జవాబు సిద్ధంగా ఉండేది. ఆ ఒక్కసారి వెతుక్కున్నాడు.

"చుట్టాలు," అన్నాడు. "ఇంత మంది ముందర మాట ఇచ్చినావు. నిలబడు."

"ఈ మాట మీ ఊళ్ళో అనగలవా?"

"నువ్వే పోయి చెప్పు. నాకిప్పుడు పనుంది." మగ్దలీనమ్మ వైపు తిరిగాడు. "చూస్తావేందే? పండుకోబెట్టు."

చొక్కా మడిచి తలకింద పెట్టి, ఆయన పంచె మీద, తలపాగా మీద మార్తమ్మను పడుకోబెట్టారు. వెంకటసుబ్బయ్య తల్లి చటుక్కున లేచింది. కొడుకు చెయ్యి పట్టుకొని, ఆ నొప్పుల కాళ్ళ మీద, మార్కాపురం రోడ్డు స్టేషను దాకా నిలబడే పోయింది. మాలకొండయ్య బట్టలన్నీ మార్తమ్మ కింద ఉండిపోయాయి. తిరునాళ్ళ జనం మధ్య, మేళతాళాల మధ్య, కుంకుడుకాయల మూట నెత్తిన పెట్టుకొని ఆయన గోచీతో స్టేషనులో దిగాడు. ఎవరో సాధువనుకొని దండం పెట్టారు. వాళ్ళనూ తిట్టాడు.

ఆ పగలే ఆసుపత్రిలో మార్తమ్మకు ఆడబిడ్డ పుట్టింది. ఇద్దరూ దక్కారు.

రైల్లో అన్న మాట ఆయనకంటే ముందు ఆయన ఊరు చేరింది. పెద్దలు పిలిపించారు. కోపంగా కూడా మాట్లాడలేదట. రైల్లో ఇన్ని అబద్ధాలు చెప్పినవాడివి, అది కూడా ఒక అబద్ధమేనని నలుగురిలో అంటే చాలు, స్నానం చేసి వచ్చి పంక్తిలో కూర్చోమన్నారు. అంతకంటే తేలికైన దారి ఎవరూ చూపించలేరు. మాలకొండయ్య ఆలోచించి, మిగతావన్నీ అబద్ధాలేనని ఒప్పుకున్నాడు. వియ్యంకుడు లేడు. తోడల్లుడు లేడు. మేనత్తకు కాళ్ళు కాదుకదా, అసలు మేనత్తే లేదు. తాను చెప్పిన చుట్టాల్లో నిజంగా ఎక్కింది వీళ్ళొక్కరే. వీళ్ళనూ లేరనమంటే తనకు ఇంకెవరున్నారని పెద్దలనే తిరిగి అడిగాడు.

దాంతో ఇంటికి చాకలి రావటం మానేశాడు, మంగలి మానేశాడు. బావి దగ్గర తోడి పోసేవాళ్ళు లేక వాగుకు పోయి చెలమలో నీళ్ళు ముంచుకున్నాడు. గట్టు తగాదా అన్నదమ్ములకు ఊరంతా తోడు వచ్చింది. ఆ చేను సగం వాళ్ళు కలుపుకొని దున్నుకున్నారు. అడిగే దిక్కు లేదు.

చాలా వారాల తర్వాత మగ్దలీనమ్మ, ఉతికి మడిచిన ఆయన బట్టల మూటతో, తర్లుపాడులో ఒక్కతే బండి ఎక్కింది. పెట్టె కిక్కిరిసి ఉంది. ఎదురు బల్ల మీద ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నంత పని. ఇటు బల్ల మీద మాలకొండయ్య ఒక్కడే ఉన్నాడు. ఒక్క గుడ్డా పరచలేదు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకొని, చుట్టాలింటికి వచ్చినవాడిలా ఇబ్బందిగా కూర్చున్నాడు. గెడ్డం పెరిగింది. ఆయన పక్క చోటును జనం చూస్తున్నారు, జరుగుతున్నారు, కూర్చోవటం లేదు.

"నిలబడ్డావేంది? ఇప్పుడు ఆపాల్సిన పని కూడా లేదు. వాళ్ళే ఆపిపెడుతున్నారు," అన్నాడు.

ఆమె మూట ఆయన పక్కన పెట్టింది. కూర్చోలేదు.

"అయ్యా, ఇన్నాళ్ళూ నీ కన్నుగప్పి ఎక్కిస్తున్నాననుకున్నా."

"తలపాగా కట్టుకోను అంతసేపు ఎవడికి పడుతుందే?"

మగ్దలీనమ్మకు నవ్వు వచ్చింది. అది రాగానే కోపమూ వచ్చింది.

"మరి ఆ తిట్లు?"

"నేను తిట్టకపోతే పెట్టెడు మంది తిట్టేవాళ్ళు. ఒక్కడి నోరైతే తొందరగా అయిపోతుందనుకున్నా."

"అవి మాకు తగిలినాయి."

మాలకొండయ్య మెడ దగ్గర గుండీ విప్పుకున్నాడు.

"తగలకుండా తిట్టడం నాకు చేతగాలేదు," అన్నాడు.

గార్డు జెండా ఊపాడు. బండి కుదుపుకు ఆమె తూలింది. ఆయన ఇవతలి కొసకు జరిగి కిటికీ వైపు వదిలాడు. ఎదురు బల్లవాళ్ళు చూశారు. మగ్దలీనమ్మ వాళ్ళను చూసి, పోయి కిటికీ పక్కన కూర్చుంది. ఇన్నేళ్ళు ఈ బండిలో తిరిగినా ఆమె చెట్లను తలుపు సందులోంచి, ఎవరి భుజం మీదుగానో ముక్కలు ముక్కలుగా చూసిందే కాని, కొండ మొదలు నుంచి చివరిదాకా ఒక్కసారీ చూడలేదు. ముఖం బయటపెట్టింది. గాలి కొట్టింది. మరుక్షణం ఇంజను బొగ్గు నలుసు ఒకటి వచ్చి సూటిగా కంట్లో పడింది.

"అమ్మా," అని కన్ను మూసుకుంది.

"నలపాకు. పైట కొంగు మడిచి, ఊది, వెచ్చగా ఒత్తుకో."

ఆమె ఒత్తుకుంది. పోలేదు. మళ్ళీ ఊది ఒత్తుకుంది. కన్ను ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి.

"ఈ చోటు కోసమేనా అయ్యా, ఇన్నాళ్ళూ అందరూ కొట్టుకు చచ్చింది?"

"దీనికే. ఇటు జరుగు మరి."

"నేను జరగను," అంది మగ్దలీనమ్మ. ఒంటి కన్నుతో బయటికి చూస్తూ మార్కాపురం రోడ్డు దాటేదాకా అలాగే కూర్చుంది.